జిగురు ఆరే టైమ్ చూసుకుని ప్లాన్ వేయండి

మోడల్ రైల్వే వర్క్‌షాప్‌లు పెట్టాలనుకుంటున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలు ఈసారి.

ప్రశ్న: మేం నలుగురం మోడల్ రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లం. ఒక శని, ఆదివారం వర్క్‌షాప్ పెడదామనుకుంటే పన్నెండు మంది వస్తామన్నారు. ట్రాక్ వేయడం, వైరింగ్, కొండలు, చెట్లు, స్టేషన్ బిల్డింగులు, ఇంజన్లకు రంగులు, డీసీసీ (ఒకే లైను మీద ఒక్కో ఇంజన్‌నూ డిజిటల్ సంకేతాలతో విడిగా నడిపే పద్ధతి), అన్నీ నేర్పాలని మా ఆలోచన. రెండు రోజులు సరిపోతాయా?

జవాబు: సరిపోవండి. అన్నీ నేర్పాలని కూర్చుంటే మీరు నలుగురూ చేస్తుంటారు, వచ్చిన పన్నెండు మందీ చుట్టూ నిలబడి చూస్తుంటారు, అంతకు మించి జరగదు. చూడటానికైతే వీడియోలు బోలెడున్నాయి, దానికోసం ఎవరూ రెండు రోజులు కేటాయించక్కర్లేదు. వచ్చిన ప్రతి మనిషీ ఆదివారం సాయంత్రం తన చేతులతో మొదటి నుంచి చివరిదాకా చేసిన ఒక చిన్న పలకను చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లాలి. దీన్ని లక్ష్యంగా పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి.

పలక 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు చాలు. దాని మీద ఒకే ఒక్క లైను, అదీ తిన్నగా. పాయింట్లు, అంటే ఒక లైను నుంచి ఇంకో లైనుకు రైలును మళ్లించే అమరికలు, పెట్టొద్దు. ఒక్క పాయింటు సరిగ్గా పనిచేసేలా సర్దడానికే కొత్తవాళ్లకు సగం రోజు పడుతుంది. కొంచెం నేల, కొంచెం గడ్డి, ఓ రెండు చెట్లు. పన్నెండు పలకలూ వరసగా కలిపితే 7.2 మీటర్ల లైను వస్తుంది. హెచ్‌ఓ స్కేలు అంటే 1:87 కాబట్టి అది నిజం పట్టాల లెక్కలో 626 మీటర్లు. ఆదివారం చివర్లో దాని మీద రైలు అటూ ఇటూ తిరిగితే, ఎవరి పలక దగ్గరికి రైలు వచ్చినప్పుడు వాళ్ల ముఖం చూడాలి మీరు.

ఇక టైమ్ టేబుల్. చాలామంది ‘ఏ క్లాసు తర్వాత ఏ క్లాసు’ అని మొదలుపెడతారు. అలా కాదు, ఏది ఎంతసేపు ఆరాలో ముందు రాసుకోండి. కంకర మీద పోసిన జిగురు గట్టిపడాలంటే రాత్రంతా కావాలి. కొండకు వేసిన ప్లాస్టర్ గుడ్డ కాసేపట్లోనే గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ లోపలి తడి పోవడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. కాబట్టి శనివారం ఉదయమంతా ట్రాకు, సోల్డరింగ్, కరెంటు టెస్టింగ్. మధ్యాహ్నం నేల ఎత్తుపల్లాలు, ప్లాస్టర్, పట్టాల పక్కలకు తుప్పు రంగు. ఇళ్లకు వెళ్లేముందు చేసే ఆఖరి పని కంకర. రాత్రి మనం నిద్రపోతుంటే అది ఆరుతుంది. ఆదివారం ఉదయం మట్టి రంగులు, గడ్డి, చెట్లు. మధ్యాహ్నం నుంచి పలకలు కలపడం, రైలు నడపడం. ఈ వరస తప్పి కంకరను ఆదివారానికి తోశారంటే, తడి జిగురు మీద రైలు నడపలేరు, ఆ పలకను ఎవరూ ఇంటికి మోసుకుపోలేరు కూడా.

కంకర గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా పాడుచేసుకునేది అక్కడే. పొడిగా ఉండగానే స్పూనుతో స్లీపర్ల మధ్య పోసి, మెత్తటి వెడల్పు బ్రష్షుతో సర్దాలి. స్లీపర్ల నెత్తిన ఒక్క గింజ కూడా ఉండకూడదు, పట్టాల లోపలి అంచుకు అస్సలు అంటుకోకూడదు, లేకపోతే చక్రం అంచు దాని మీదికెక్కి బండి పట్టాలు దిగిపోతుంది. అంతా నచ్చాకే తడపాలి. నేరుగా జిగురు పోస్తే అది కంకరలోకి ఇంకదు, పైన గుండ్రంగా బొట్టులా నిలబడి రాళ్లను పక్కకు తోసేస్తుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు గానీ సన్నటి తుంపరగా, కొంచెం దూరం నుంచి కొట్టాలి. తర్వాత తెల్ల జిగురు సగం, నీళ్లు సగం కలిపి డ్రాపర్‌తో పట్టాల మధ్య వదలాలి. తడి సరిగ్గా ఉంటే చుక్క పడీ పడగానే మాయమై, పాల రంగు అలా అలా పక్క రాళ్లకు పాకుతుంది. అది కళ్లారా చూసినవాళ్లకు ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి, ‘ఈ ఒక్క రాయి సర్దుతాను’ అన్నవాళ్లను కూడా.

ప్రశ్న: సోల్డరింగ్ నేర్పాలంటేనే నాకు టెన్షన్. పోయినసారి మా గ్రూపులో సగం మంది ప్లాస్టిక్ స్లీపర్లు కరిగించేశారు. ఒక్కొక్కరికీ ఒక ఐరన్ ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు, ఇద్దరికి ఒకటి చాలు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు పక్కన చూస్తారు, అలా చూడటం వల్ల కూడా నేర్చుకుంటారు. ఐరన్లు ఎక్కువైతే టేబుల్ నిండా వైర్లే, ఎవరి మోచెయ్యి ఏ వేడి కొనకు తగులుతుందో తెలియదు.

స్లీపర్లు కరగడానికి కారణం వేడి ఎక్కువవడం కన్నా, ఆ వేడిని ఎక్కువసేపు ఆనించి ఉంచడం. 60/40 సోల్డర్ 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఐరన్ చల్లగా ఉంటే పట్టా ఆ వేడినంతా లాగేసుకుంటుంది, సోల్డర్ కరగదు, మనిషి ఇంకా ఇంకా అదుముతాడు, ఈలోపు కింద ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. అందుకని 350 డిగ్రీల దగ్గర పెట్టి చటుక్కున ముగించమనండి. పట్టా బయటి పక్కను ఫైలుతో మెరిసేదాకా గీకాలి. లోపలి పక్కన వద్దు, అక్కడ చక్రాల అంచులు నడుస్తాయి. గీకిన చోట కొంచెం సోల్డర్ పూయాలి, వైరు కొసకు కూడా విడిగా పూయాలి. ఇప్పుడు రెండూ ఆనించి, ఐరన్‌తో ఒక్కసారి తాకితే చాలు, రెండూ కలిసిపోతాయి. ఐరన్ తీశాక వైరును కదపకూడదు. అద్దంలా మెరుస్తున్న సోల్డర్ మీద సన్నటి మసక కమ్ముకునే క్షణం ఒకటుంటుంది, గట్టిపడిందనడానికి అదే గుర్తు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి పట్టుకోమనండి. అంటించే చోటుకు రెండు వైపులా పట్టా మీద తడి స్పాంజి ముక్కలు పెడితే వేడి స్లీపర్ల వైపు పాకదు.

అసలు పలక ముట్టుకునే ముందు, పనికిరాని పట్టా ముక్క మీద ఒక్కొక్కరితో ఐదారుసార్లు చేయించండి. పాత ముక్కలు పారేయకుండా దీనికోసమే దాచిపెట్టుకోండి. లోపల రోజిన్ అనే ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి సాయపడే పదార్థం) ఉన్న ఎలక్ట్రానిక్స్ సోల్డరే వాడాలి. యాసిడ్ ఫ్లక్స్ కొద్దిగా మిగిలినా పట్టాను, వైరును తినేస్తుంది. ఇక ఇందులో రాజీ పడకూడనివి కొన్ని ఉన్నాయి: కళ్లకు అద్దాలు, పొగను ముఖం మీది నుంచి అవతలికి లాగే ఫ్యాను, సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి ఆ టేబుల్ దగ్గర తిండి, నీళ్లు నిషేధం, లేచాక చేతులు సబ్బుతో కడుక్కోవడం.

ప్రశ్న: ఎవరి ఇంజన్లు వాళ్లు తెచ్చుకోవచ్చు అని చెప్పేశాం. కొందరివి డీసీ, కొందరివి డీసీసీ. ఏదైనా గొడవ అవుతుందా?

జవాబు: ముందుగా అడిగి రాసిపెట్టుకోకపోతే కచ్చితంగా అవుతుంది. పేరు నమోదు చేసుకునేటప్పుడే మూడు సంగతులు అడగండి: ఏ స్కేలు, డీసీనా డీసీసీనా, రెండు పట్టాల రకమా మూడు పట్టాల రకమా. హెచ్‌ఓ 1:87, ఓఓ 1:76. సైజులో తేడా ఉన్నా రెండూ నడిచేది 16.5 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీదే, కాబట్టి ఒకే లైను మీద నడపొచ్చు. ఎన్ స్కేలుకు 9 మి.మీ., అది వేరే లైనే. మార్క్‌లిన్ కంపెనీ హెచ్‌ఓ మూడు పట్టాల ఇంజన్ల చక్రాలకు మధ్యలో ఇన్సులేషన్ ఉండదు, మీ రెండు పట్టాల లైను మీద పెట్టగానే షార్ట్ అవుతుంది.

ఆఖరి రోజు పరుగుకు మామూలు 12 వోల్టుల డీసీ చాలని నా అభిప్రాయం. డీసీసీ డీకోడర్ (సంకేతాలను అందుకుని మోటారును నడిపే చిన్న చిప్) ఉన్న ఇంజన్లు కూడా చాలావరకు డీసీ మీద నడుస్తాయి, డీకోడర్ సెట్టింగుల్లో సీవీ 29 అనే దానిలో అది ఆన్‌లో ఉంటే. దీనికి రివర్సు, అంటే డీకోడర్ లేని ఇంజన్‌ను డీసీసీ లైను మీద నిలబెట్టడం, మంచిది కాదు. మోటారు గుయ్యిమంటూ వేడెక్కిపోతుంది, చిన్న మోటార్లయితే కాలిపోతాయి కూడా.

డీసీసీ చూపించాలని మీకు గట్టిగా ఉంటే పక్కన ఒక చిన్న లైను వేసి విడిగా చూపించండి. కొత్త డీకోడర్లు దాదాపు అన్నీ అడ్రస్ 3తో వస్తాయి, అడ్రస్ అంటే కంట్రోలరు ఆ ఇంజన్‌ను పిలిచే నంబరు. ఇద్దరు ముగ్గురు తమ కొత్త ఇంజన్లు ఒకేసారి పెడితే ఒక్క నాబ్ తిప్పగానే అన్నీ కదులుతాయి. అడ్రస్ ఎందుకు మార్చుకోవాలో అర్థం చేయించడానికి అంతకన్నా మంచి పాఠం లేదు. వేర్వేరు కంపెనీల కంట్రోలరు, డీకోడరు కలిసి పనిచేస్తున్నాయంటే జర్మనీకి చెందిన లెన్జ్ కంపెనీ తయారుచేసిన పద్ధతిని ఆధారం చేసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణాలు పెట్టడం వల్లే. 1935లో ఆ సంఘం పుట్టిందే ఒకరి చక్రాలు ఇంకొకరి పట్టాల మీద నడవాలని. ఇది కూడా వచ్చినవాళ్లకు ఒక మాట చెప్పండి, తెలుసుకోదగ్గ కథ.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు, నాకన్నా తనకే రైళ్ల మీద ఇష్టం ఎక్కువ. తీసుకురావచ్చా అని నిర్వాహకులను అడగడానికి మొహమాటంగా ఉంది.

జవాబు: మొహమాటం దేనికమ్మా, అడగండి. నిర్వాహకులెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు కూడా చెబుతున్నా, పెద్దవాళ్లు పక్కన ఉంటే పిల్లలను రానివ్వండి. బ్లేడు, సోల్డరింగ్ ఐరన్ మీరు పట్టుకోండి, కంకర సర్దడం, చెట్లు చేయడం తనకు వదిలేయండి. చిన్న వేళ్లకు ఆ పని మనకన్నా బాగా వస్తుంది. గడ్డి నాటే పరికరం చూస్తే ఇంక వదలదు: లోపల గడ్డి పోగులకు విద్యుదావేశం ఇస్తుంది, దాని రెండో వైరును తడి జిగురులో గుచ్చిన మేకుకు తగిలించి ఊపితే 2 నుంచి 6 మి.మీ. పోగులన్నీ నిటారుగా నిలబడతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ పరికరానికి దూరంగా ఉండాలి.

ఎన్ స్కేలులో టీ-ట్రాక్ అని ఒక పద్ధతి ఉంది, వీలైతే ఇంట్లో దాంతో మొదలుపెట్టండి. సింగిల్ మాడ్యూల్ పొడవు 308 మి.మీ., మామూలు టేబుల్ మీద పెట్టుకోవచ్చు, కాటో కంపెనీ యూనిట్రాక్ పట్టా ముక్కలు టక్కుమని ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. పట్టాలు కలపడానికి సోల్డరింగ్ అవసరమే లేదు.

ప్రశ్న: నేను నేర్పేవాణ్ని. చేసేదంతా సన్నటి పని, ముందు కూర్చున్న ముగ్గురికి తప్ప ఎవరికీ కనిపించడం లేదంటున్నారు.

జవాబు: ఫోన్‌ను స్టాండుకు బిగించి సరిగ్గా మీ చేతుల పైనుంచి చూసేలా పెట్టి, దాన్ని పెద్ద టీవీకి కలపండి. ఎదురుగా కాదు, పైనుంచి, అప్పుడే వాళ్ల చేతులు ఏ వైపు ఉంటాయో మీవీ ఆ వైపే కనిపిస్తాయి. అయినా ఏదీ పది నిమిషాలకు మించి చూపించకండి. చూపించి, లేచి, టేబుళ్ల మధ్య తిరగండి. ఒక నేర్పేవాడికి నలుగురు, అంతకన్నా ఎక్కువైతే మీరు వెనక్కి తిరిగేసరికి ఎవరో ఒకరు థర్మకోల్ మీద సాల్వెంట్ జిగురు పూసేసి ఉంటారు, అది క్షణాల్లో గుంట పడిపోతుంది. ఫోమ్‌కు సరిపడే జిగురు మాత్రమే టేబుల్ మీద పెట్టడం మీ పని.

ప్రశ్న: డబ్బు ముందే తీసుకోవాలా, వచ్చాక తీసుకోవచ్చా?

జవాబు: ముందే. పలకలు కోయడం, వైర్లు కత్తిరించడం, కంకర పొట్లాలు కట్టడం అన్నీ తలల లెక్క మీదే జరుగుతాయి. రెండు కిట్లు మాత్రం అదనంగా ఉంచుకోండి, ఏదో ఒకటి విరుగుతుంది.

ప్రశ్న: మా దగ్గర ఎవరి పలక వాళ్లది బాగానే వచ్చింది. అన్నీ కలిపాక ప్రతి అతుకు దగ్గరా బండి పడిపోయింది, సాయంత్రం మొత్తం నీరుగారిపోయాం. మళ్లీ పెట్టే ధైర్యం రావడం లేదు.

జవాబు: మళ్లీ పెట్టండి, పట్టుదలగా పెట్టండి. ఇందులో ఎవరి చేతకానితనమూ లేదు. పలకలన్నిటికీ ఒకే కొలత ఇవ్వలేదు, అంతే. ఈసారి శనివారం ఉదయమే చెక్కతో ఒక గేజ్ ముక్క కోసి ఉంచండి, పలక ముందు అంచు నుంచి మొదటి పట్టా ఎంత దూరంలో ఉండాలో అదే చెప్పాలి. టేపు, స్కేలు ఎవరికీ ఇవ్వొద్దు, పన్నెండు మందీ ఆ ఒక్క ముక్కనే ఆనించి పట్టా బిగించాలి. పలకల మందం కూడా ఒకే షీటు నుంచి కోసినదైతే ఎత్తు తేడా రాదు. వైర్లకు కూడా ఇదే సూత్రం: ముందు పట్టాకు ఎరుపు, వెనక పట్టాకు నలుపు, ఒక్కరు తారుమారు చేసినా లైనంతా షార్ట్. ప్రతి పలకనూ కలపకముందే మల్టీమీటర్‌తో చూడండి.

కలిపాక ఇంజన్ పెట్టే తొందర వద్దు. అతుకు మీద కళ్లు మూసుకుని వేలి కొన జరపండి, కంటికి కనిపించని మెట్టు వేలికి తెలుస్తుంది. మెట్టు తగిలితే తక్కువ ఎత్తున్న పలక కింద అట్ట ముక్క పెట్టండి. పట్టా కొస పైభాగాన్ని, లోపలి మూలను సన్న ఫైలుతో రెండు మూడుసార్లు గీకితే చాలు, చక్రం తట్టుకోదు. తర్వాత ఒక్క బోగీని చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తోయండి. అన్ని అతుకుల దగ్గరా పడుతుంటే పట్టాలను వదిలేసి ఆ బోగీ చక్రాల జతను గేజ్‌తో కొలవండి, చక్రాల మధ్య దూరం మారి ఉంటుంది. ఒకే అతుకు దగ్గర పడుతుంటే లోపం అక్కడే ఉంది. వెనక్కి తోస్తే ఎలా ఉందో కూడా చూడాలి, ఎందుకంటే ముందుకు బాగా వెళ్లిన అతుకు వెనక్కి వచ్చేటప్పుడు పడేయొచ్చు. రెండు వైపులా బోగీ సాఫీగా వెళ్లాక ఇంజన్ తెప్పించండి, మొదట చాలా నెమ్మదిగా, ఒంటరిగా, ఆ తర్వాతే బోగీలు తగిలించండి.