ఎఫ్‌పీజీఏలో రెండు కోర్‌లు, ఒకే కౌంటర్: లెక్క ఎందుకు తప్పుతోంది?

గుణుపురం నుంచి ఒక తమ్ముడి ప్రశ్న: ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్)లో రెండు నియోస్ 2 కోర్‌లు (అందులో అమర్చుకునే చిన్న ప్రాసెసర్లు) పెట్టి, ఒకే కౌంటర్‌ను చెరో 1000 సార్లు పెంచితే 2000 రావడం లేదు, ఎందుకు?

పెంచడం ఒక్క పని కాదు తమ్ముడూ. చదవాలి, కలపాలి, తిరిగి రాయాలి. ఒక కోర్ 41 చదివి 42 రాసేలోపు రెండోది కూడా 41నే చదివితే ఒక పెంపు గల్లంతు. ఒకరి తర్వాత ఒకరే పెంచేలా మామూలు వేరియబుల్‌నే తాళంగా పెట్టుకున్నా ఇదే గొడవ, దాన్నీ ఇద్దరూ ఒకేసారి ఖాళీగా చూడొచ్చు. పైగా నియోస్ 2లో టెస్ట్-అండ్-సెట్ (చూడటం, రాయడం ఒకే దెబ్బలో చేసే) ఇన్‌స్ట్రక్షనే లేదు.

అందుకే హార్డ్‌వేర్ మ్యూటెక్స్ కోర్ (ఒకసారికి ఒక్కరికే దక్కే తాళంగా పనిచేసే సర్క్యూట్, ప్రాసెసర్ కాదు) కలపాలి. అందులో యజమాని నంబరు (తాళం ఏ ప్రాసెసర్‌దో), విలువ ఉంటాయి. విలువ సున్నా (అంటే తాళం ఖాళీ) అయితేనో, రాసేది యజమానే అయితేనో రాత నిలుస్తుంది. రాశాక తిరిగి చదివి, మీ నంబరే ఉంటే తాళం మీదే. నౌపడ రైలు చూసినప్పుడల్లా నాకు పాతకాలం సింగిల్ లైన్ టోకెన్ గుర్తొస్తుంది: అది చేతికొస్తేనే బండి కదిలేది.

ఇంకా లెక్క తప్పితే డేటా క్యాష్‌ను (మెమరీలోని విలువల నకలును కోర్ తన దగ్గరే ఉంచుకునే చోటును) అనుమానించండి. రెండు కోర్‌ల క్యాష్‌లను హార్డ్‌వేర్ సరిచూడదు, సి ప్రోగ్రాములో వేరియబుల్‌కు 'వొలటైల్' (ప్రతిసారీ మళ్లీ చదవమని కంపైలర్‌కు చెప్పే మాట) అని రాసినా సరిపోదు. ఆ కౌంటర్‌ను క్యాష్ దాటేసే యాక్సెస్‌తోనే చదవండి, రాయండి.