ఏజెన్సీ వచ్చాక ఎవరిని అడగాలి?

మీరు అడిగింది: మా మునిసిపాలిటీలో మంచినీటి సరఫరా పనులు ఏజెన్సీకి ఇస్తారంటున్నారు, యూనియన్‌కీ ఆఫీసుకీ మధ్య ఏం మారుతుంది, పర్మినెంట్ వాళ్లు మాతో కలిసి వస్తారా అని. నేను డెల్టాలోనే ఒక మునిసిపాలిటీలో పంపు ఆపరేటర్ని. 2011 నుంచి 2020 దాకా ఏజెన్సీల కిందే చేశాను కాబట్టి నాకు జరిగింది చెప్తాను.

అందరూ జీతం తగ్గుతుందని భయపడతారు. తగ్గుతుంది కూడా. కానీ దానికంటే ముందు, మనం నిలదీయాల్సిన మనిషి కనపడకుండా పోతాడు.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు, అంటే కాలువల కాపలా మనిషి. ఏళ్ల తరబడి ఎన్ఎంఆర్ మస్టరు (పర్మినెంట్ కాని దినకూలీల హాజరు పట్టీ) మీదే కాలువ గట్టున తిరిగాడు. జీతం ఆలస్యమైతే పదిమందీ కలిసి లాకుల దగ్గర సెక్షన్ ఆఫీసు ముందు కూర్చునేవారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు విసుక్కునేవారు, తిట్టేవారు, కానీ మస్టరు ఆయన బల్ల మీదే ఉండేది, సంతకం ఆయనదే. తర్వాత 1994లో 212 జీవో వచ్చి, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు నిండిన వాళ్లను రెగ్యులర్ చేసినప్పుడు నాన్న పేరూ అందులో ఉంది.

నాకు తొమ్మిదేళ్లలో నాలుగు ఏజెన్సీలు మారాయి. అదే పంపుహౌసు, అదే నైట్ షిఫ్టు, కాయితం మీద మాత్రం ప్రతిసారీ నేను కొత్తగా చేరిన కుర్రాణ్ణే. ఒక ఏజెన్సీ అయితే మా జీతంలో పీఎఫ్ కోసింది గానీ కట్టలేదు. టెండరు అయిపోయాక వాళ్ల ఆఫీసుకు వెళ్తే అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది.

ఒక సంక్రాంతికి మూడు నెలల జీతం ఆగింది. ఆఫీసులో అడిగితే "మీరు మా మనుషులు కాదు, ఏజెన్సీని అడగండి" అన్నారు. ఏజెన్సీ సూపర్‌వైజర్ని అడిగితే బిల్లు ఆఫీసులోనే ఆగిందన్నాడు. ఇలా ఇరవై రోజులు తిరిగాం. అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే పని చేయించుకునే సంస్థే ఇచ్చి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. ఆ సంగతి మాకు లేబర్ ఆఫీసుకు వెళ్లాకే తెలిసింది. అక్కడ చర్చలకు ఏజెన్సీ తరఫున వచ్చిన కుర్రాడు ఏ మాటకైనా "సార్‌ని అడగాలి" అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లేవాడు. ఆ సార్ ఎవరో మేం ఒక్కసారి కూడా చూడలేదు.

సమ్మె చేద్దామన్నాం. నీళ్లు ప్రజోపయోగ సేవ కాబట్టి పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇచ్చాం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఊరంతా సమ్మర్ స్టోరేజి చెరువు మీదే బతుకుతుంది కదా, అప్పుడు దిగితే దారికొస్తారని మా లెక్క. లెక్క తప్పింది. మొదటి తిట్లు మా వీధి వాళ్లవే. మా ఇంట్లోనూ కుళాయి రాలేదు, మా ఆవిడ బిందె తీసుకుని చెరువు దగ్గరికి వెళ్తూ నన్నొక చూపు చూసింది. మూడో రాత్రి మోటారు ఆన్ అయింది. వేసింది మా పర్మినెంట్ ఫిట్టర్ బాబాయి. "మెమో ఇస్తారురా, రెండేళ్లలో రిటైరు, పెన్షన్ దగ్గర పేచీ పెడతారు" అన్నాడు. రెండేళ్లు ఆయనతో సరిగా మాట్లాడలేదు నేను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన జీతం నాదానికి మూడింతలు, పోగొట్టుకోవడానికి ఆయనకు ఏదో ఉంది, నాకు లేదు. ఇద్దర్నీ ఒకే షెడ్డులో పెట్టి ఒకే యూనియన్ అంటే కష్టమే. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ చేయలేదు, ఇంకో ఏజెన్సీ కుర్రాడు వచ్చాడు.

కోర్టుకు వెళ్దామని మీ వాళ్లు అంటారు. మేమూ అన్నాం. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించినంత మాత్రాన కాంట్రాక్టు కార్మికులు ఆ సంస్థ ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తాత్కాలికంగా చేరినవాళ్లకు రెగ్యులర్ చేయమని అడిగే హక్కు లేదన్న 2006 ఉమాదేవి తీర్పుతో నాన్నకు దొరికిన దారి కూడా ఇరుకైపోయింది. 2016లో తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న తీర్పు పట్టుకుని వెళ్తే మళ్లీ పాత పాటే: "మీరు మా మనుషులు కాదు కదా."

2020 జూలైలో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్) వచ్చి మధ్యలో ఏజెన్సీని తీసేసింది. రెగ్యులర్ కాలేదు, పైగా మాలో కొందరికి తెల్లకార్డు దగ్గర, పథకాల దగ్గర ప్రభుత్వ ఉద్యోగుల లెక్కలో పడి తంటాలొచ్చాయి. అయినా జీతం ఎవరిస్తున్నారో తెలిసింది. అందుకే 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మెలోకి దిగితే మంత్రులే చర్చలకు కూర్చోవాల్సి వచ్చింది. మా పాత సమ్మెలో ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లే కుర్రాడు తప్ప ఎవరూ దొరకలేదు.

ఇక మీ సంగతి. ఏజెన్సీ రాకముందే హాజరు పుస్తకం పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి. పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా ఫోన్‌లో చూసుకోండి, ఒక్క నెల పడకపోయినా అప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఏ అర్జీ అయినా, ఏ నోటీసు అయినా కమిషనర్‌కీ ఏజెన్సీకీ ఇద్దరికీ ఇచ్చి రసీదు తీసుకోండి. పర్మినెంట్ వాళ్లను సమ్మెకు పిలవకముందు వాళ్ల ఖాళీ పోస్టుల డిమాండు మీ కాయితంలో మొదట రాయండి, అప్పుడు వింటారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లలో కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 50 మంది ఉన్నచోటే వర్తిస్తాయి, 1970 చట్టంలో అది 20. అందుకని మీ దగ్గర పనిని ఎన్ని ముక్కలు చేసి, ఒక్కో ఏజెన్సీ కింద ఎంతమందిని పెడుతున్నారో గమనించండి.

అన్నిటికంటే ముందు టెండరు షరతుల కాపీ సంపాదించండి, సమాచార హక్కు కింద అడిగినా ఇస్తారు. పాతవాళ్లనే కొనసాగించాలన్న షరతు అందులో ఉందో లేదో చూసి చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.