టెక్ సందేహాలు: ఎనిమిది యూనిట్లకే బిల్లు ఎందుకు ఎగిరింది?

ప్రశ్న: మాది హనుమకొండ. ఏప్రిల్‌లో 198 యూనిట్లు కాలాయి, మే నెలలో 206. ఎనిమిది యూనిట్ల తేడాకే బిల్లు రెండు వందల యాభైకి పైగా పెరిగింది. మీటరు పాడైందా? విజయవాడలో ఉండే మా చెల్లెలికి ఎప్పుడూ ఇలా రాలేదట. వాడకాన్ని ముందే చెప్పే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: మీరిచ్చిన అంకెలను బట్టి మీటరును అనుమానించాల్సిన పని లేదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల్లో, నెలకు 100 దాటి 200 యూనిట్ల వరకు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లు రూ.3.40 చొప్పున, ఆ పైవి రూ.4.80 చొప్పున లెక్కిస్తారు. 200 దాటితే ఇల్లు మొత్తంగా వేరే శ్రేణిలోకి వెళ్తుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 పడుతుంది, ఆ పైన 300 వరకు రూ.7.70. ఇప్పుడు లెక్క వేయండి. 198 యూనిట్లకు రూ.810.40, 206 యూనిట్లకు రూ.1066.20. స్థిర ఛార్జీలు, సుంకం వంటివి కలపకుండానే రూ.255.80 తేడా. 200 దగ్గర ఆగితే రూ.820 అయ్యే బిల్లు, 201వ యూనిట్ కాలగానే రూ.1027.70 అవుతుంది.

మీ చెల్లెలు చెప్పింది నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఖరారైన ధరల్లో ఈ 200 యూనిట్ల గీత లేదు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75. ఎంత వాడినా కింది శ్లాబుల ధర మారదు. అదే 198 నుంచి 206కు వెళ్తే అక్కడ పెరిగేది రూ.48. ఇంధన సర్దుబాటు ఛార్జీలు ఉంటే అవి వేరు. అందుకే రెండు రాష్ట్రాల బంధువులు బిల్లులు పక్కపక్కన పెట్టి పోల్చుకునేటప్పుడు మొత్తం రూపాయలు కాకుండా యూనిట్లు చూసుకోవాలి.

తెలంగాణలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఈ గీత ఇంకా ముఖ్యం. 200 దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టాల్సిందే.

ఇక యాప్ సంగతి. దీనికి ప్రత్యేకంగా యాప్ అక్కర్లేదు, ఫోనులోని గూగుల్ షీట్స్ చాలు. రీడింగ్ తీసిన రోజు అంకె ఒక గడిలో వేసుకోండి. తర్వాత ప్రతి ఆదివారం మీటరు చూసి, పెరిగిన యూనిట్లను గడిచిన రోజులతో భాగించి ముప్పైతో హెచ్చించండి. ఇరవై రోజులకు 130 యూనిట్లు అయితే రోజుకు ఆరున్నర, నెలకు 195. అంటే గీత అంచున ఉన్నారన్నమాట. మిగిలిన పది రోజులు జాగ్రత్త పడటానికి వ్యవధి దొరుకుతుంది. బిల్లు చేతికొచ్చాక బాధపడటం కన్నా ఇది వంద రెట్లు నయం.

ప్రశ్న: ఏ వస్తువు ఎంత కరెంటు తీసుకుంటుందో తెలుసుకోవడానికి ప్రతి గదికీ స్మార్ట్ ప్లగ్ కొనాలనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా? (ఖమ్మం నుంచి ఒక ఉద్యోగి)

జవాబు: కొనే ముందు మీ ఇంటి మీటరునే ఒకసారి వాడి చూడండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. 3200 అంటే ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయిందని అర్థం.

ఇంట్లో అన్నీ ఆపండి. ఫ్రిజ్‌నూ, బ్యాటరీ ఛార్జ్ చేసుకునే ఇన్వర్టర్‌నూ మరచిపోవద్దు. ఇప్పుడు ఒక్క ఫ్యానే వేసి, ఒక నిమిషంలో లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 3200 మీటరైతే ఆ సంఖ్యను 18.75తో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. మామూలు సీలింగ్ ఫ్యానుకు నాలుగు సార్లు వెలుగుతుంది, అంటే 75 వాట్లు. తక్కువ కరెంటు తీసుకునే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు అయిదు నిమిషాలు చూస్తే ఎనిమిది సార్లు, అంటే 30 వాట్లు. గీజర్ వేస్తే కంటితో లెక్కపెట్టడం కష్టం, ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడండి. అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద ఒకే గోడకు ఉంటాయి కాబట్టి ఇంట్లో ఒకరు స్విచ్‌లు వేస్తుంటే కింద మరొకరు ఫోనులో మాట్లాడుతూ చూడాలి. చూడటం వరకే సుమా, మీటరు సీలును ముట్టుకోవద్దు.

అన్నీ ఆపేశాననుకున్నాక కూడా లైటు వెలుగుతోందంటే ఏదో ఒకటి ఇంకా కరెంటు తీసుకుంటున్నట్టే. చాలా ఇళ్లలో అది సెట్‌టాప్ బాక్సు. టీవీని రిమోట్‌తో ఆపినా అది పని చేస్తూనే ఉంటుంది. పది వాట్లు తీసుకుంటుందనుకున్నా నెలకు ఏడు యూనిట్లు. హనుమకొండ పాఠకురాలిని గీత దాటించింది ఆరు యూనిట్లే!

ఫ్రిజ్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దాని కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కనుక కనీసం ఒక రోజంతా కొలవాలి. అక్కడ స్మార్ట్ ప్లగ్ నిజంగా ఉపయోగం. ఒక్కటి కొంటే చాలు, వస్తువు నుంచి వస్తువుకు మార్చుకోవచ్చు. కరెంటు కొలిచే సదుపాయం ఉన్నదో లేదో పెట్టె మీద చూసి తీసుకోండి. ఫోనుతో ఆపడం, వేయడం మాత్రమే చేసే ప్లగ్‌లూ చాలా ఉన్నాయి. గీజర్‌కూ, ఏసీకీ 16 ఆంపియర్లది ఉండాలి.

ప్రశ్న: ప్లగ్‌లో పెడితే చాలు, బిల్లు సగానికి తగ్గుతుందని ఒక పవర్ సేవర్ ప్రకటన పదేపదే కనిపిస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: దయచేసి తీసుకోవద్దు. ఇలాంటి డబ్బాల్లో సాధారణంగా ఉండేది ఒక చిన్న కెపాసిటర్, ఒక లైటు. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటాను, సరిచేస్తుంది. దానివల్ల పెద్ద మోటార్లున్న పరిశ్రమలకు లాభం ఉంటుంది. ఇళ్లకు బిల్లు వేసేది నిజంగా ఖర్చయిన యూనిట్లకే కనుక మీకు పైసా కూడా తగ్గదు. ఇప్పటికే కొన్నవాళ్లు పైన చెప్పినట్టు ఫ్యాను వేసి, ఆ డబ్బా పెట్టి ఒకసారి, తీసి ఒకసారి లైటును లెక్కపెట్టండి. అదే సంఖ్య వస్తుంది.

ప్రశ్న: మాది తిరుపతి. నెలకు 300 యూనిట్లు దాటుతోంది. ఫ్యాన్లు ముందు మార్చాలా, పాత ఏసీ స్థానంలో ఫైవ్ స్టార్ ఏసీ కొనాలా?

జవాబు: ఫ్యాన్లు. ఒక ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరిగితే, బీఎల్‌డీసీకి మారడం వల్ల నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. మీరున్న శ్లాబులో యూనిట్ రూ.8.75 కాబట్టి నెలకు రూ.175. మూడు వేల రూపాయల ఫ్యాను ఏడాదిన్నరలో దాని ధర తిరిగి ఇచ్చేస్తుంది. అదే ఫ్యాను 206 యూనిట్లు వాడే తెలంగాణ ఇంటికి, గీత కిందికి దించుతుంది కనుక, ఆ ఒక్క నెలలోనే రూ.313 మిగులుస్తుంది. 150 యూనిట్ల ఇంటికైతే రూ.96. ఎక్కువ తిరిగే గదిలోని ఫ్యానుతో మొదలుపెట్టండి. అతిథుల గదిలోది మార్చి ప్రయోజనం లేదు. కొత్త ఫ్యానుకు పాత రెగ్యులేటర్ తీసేయించండి.

ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలు మాత్రమే చూడకండి. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. అది 1600 గంటలకు వేసిన లెక్క. 800 అని ఉంటే గంటకు అర యూనిట్, 1000 అని ఉంటే 0.625. మన ఎండలకు అసలు వాడకం ఇంకా పెరగవచ్చు కానీ, పోలికకు ఇది చాలు. రోజుకు ఎనిమిది గంటలు వాడితే ఈ రెండింటికీ నెలకు ముప్పై యూనిట్ల తేడా వస్తుంది. వేసవి మూడు నెలలకు మీ శ్లాబులో దాదాపు రూ.790. రెండు ఏసీల ధరల మధ్య తేడాను ఈ మొత్తంతో భాగిస్తే, ఎన్నేళ్లలో ఆ డబ్బు తిరిగి వస్తుందో తెలుస్తుంది. మీ పాత ఏసీ ఇంకా చక్కగా చల్లబరుస్తుంటే ఇప్పుడే మార్చకండి. ఫిల్టర్ కడిగించి, 24 డిగ్రీల దగ్గర పెట్టి, దానితోపాటు కొత్త ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది.