ప్రసారమా, ప్రచారమా?

సందేహం: మేం చదువుకున్న జర్నలిజం విభాగం చరిత్రను పూర్వవిద్యార్థులం పుస్తకంగా తెస్తున్నాం. 'జర్నలిజం మరియు ప్రసార కార్యక్రమం యొక్క చరిత్ర' అని పేరు అనుకున్నాం. ప్రసారం కన్నా ప్రచారం అంటేనే అందరికీ తెలుస్తుందని కొందరి వాదన. ఏది సరి? 'విలేకరి'లో క వత్తాలా? – ఓ పాఠకుడు

సమాధానం: ప్రసారమే పెట్టండి. ప్రచారంలో ఉన్నది 'చర', అంటే తిరగడం. నలుగురిలో తిరిగి ఒక మాటను ఒప్పించే ప్రయత్నం ప్రచారం. ప్రసారంలో ఉన్నది 'సృ', సాగడం, పారడం. సరిత్తు, సరణి, ప్రసరణ ఆ ధాతువు నుంచి వచ్చినవే. రేడియోలో వార్తలు చదివితే ప్రసారం. ఎన్నికల ప్రసంగం వినిపిస్తే అది ప్రసారమూ అవుతుంది, ప్రచారమూ అవుతుంది. ఈ తేడాను విద్యార్థికి నేర్పాల్సిన విభాగమే తన పేరులో రెంటినీ కలిపేస్తే ఎలా?

ఇంతకీ బ్రాడ్‌కాస్ట్ అన్న ఇంగ్లీషు మాట రేడియోతో పుట్టింది కాదు. 18వ శతాబ్దంలోనే అది సేద్యపు మాట. గింజల్ని చేత్తో పొలమంతా చల్లడమని అర్థం. 1920ల్లో రేడియోవాళ్లు దాన్ని అందుకున్నారు. సరిగ్గా అదే పనికి మనకు అచ్చతెలుగు మాట ఉంది: వెదజల్లడం. వెద అంటే విత్తడం. రైతు ఒడిలోంచి పిడికెడు గింజలు తీసి, నడుస్తూ, చెయ్యి బారుగా విసురుతాడు. గొర్రుతో వేస్తే గింజ సాలులోనే పడుతుంది. వెదజల్లితే ఏ గింజ ఎక్కడ పడిందో చల్లినవాడికీ తెలియదు. రేడియో మాటా అంతే, ఎవరి చెవిన పడుతుందో చెప్పలేం. వరిలో 'వెదజల్లే పద్ధతి' అని రైతులు ఇప్పటికీ అంటున్నారు. రాసేవాళ్లు మాత్రం ఆ మాటను పరిమళాలకూ కాంతులకూ వదిలేశారు. నాకది నిజంగా బాధ. అలాగని మీ విభాగానికి 'వెదజల్లు శాఖ' అని పేరు పెట్టమనను. ప్రసారం స్థిరపడింది, అర్థమూ సరిపోయింది. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చాక ప్రభుత్వ ముద్ర కూడా పడింది.

'ఆకాశవాణి'ని మీ పుస్తకంలో మరవకండి. ఆ పేరుతో 1935లో మైసూరులో రేడియో నడిపిన ఎం.వి. గోపాలస్వామి మహారాజా కాలేజీలో సైకాలజీ ప్రొఫెసర్. ఆలిండియా రేడియో 1957లో ఆ పేరునే తీసుకుంది. అంటే మన ప్రసారాలకు పేరు ఇచ్చింది ఓ కాలేజీ అధ్యాపకుడు. జర్నలిజం చదువులు ఇంకా పాతవి. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం 1908లోనే జర్నలిజం స్కూలు పెట్టింది, అప్పటికి రేడియో ప్రసారాలు ఇంకా జనంలోకి రాలేదు.  ముందు పత్రిక, ఆ తర్వాతే మైకు. కాబట్టి పేరులో జర్నలిజం ముందుండడం చరిత్ర ప్రకారం కూడా న్యాయమే.

నన్ను అసలు చిరాకు పెట్టింది మీరు అడగని మాట, 'కార్యక్రమం'. ఇంగ్లీషులో డిగ్రీ చదువునీ రేడియోలో వచ్చేదాన్నీ ప్రోగ్రామ్ అనే అంటారు. తెలుగులో చదువును కార్యక్రమం అనం. 'ప్రసార కార్యక్రమం యొక్క చరిత్ర' అని అట్ట మీద చూసినవాళ్లు రేడియోలో వచ్చే ఏ 'కార్మికుల కార్యక్రమం' గురించో అనుకుంటారు. చదువైతే కోర్సు, దాన్ని నడిపేది విభాగం. 'మరియు', 'యొక్క' రెండూ తీసేయండి. లోపలి పేజీల్లో 'విభాగం స్థాపించబడింది' అని రాసి ఉంటే 'స్థాపించారు' అని దిద్దండి. జర్నలిజం చదివినవాళ్లు కూడా ఇలా రాస్తే మిగతావాళ్లను ఏమనగలం?

క వత్తిన 'విలేఖరి'ని తప్పనను గానీ, పత్రికల్లో వత్తు లేని విలేకరే ఎక్కువగా కనిపిస్తుంది.

'జర్నలిజం, ప్రసార విభాగం చరిత్ర' అంటే చాలు. విశ్వవిద్యాలయం కాగితాల్లో విభాగం పేరు బ్రాడ్‌కాస్టింగ్ అనే ఉంటే అట్ట మీద దాన్నే ఉంచినా నాకు అభ్యంతరం లేదు.