చెస్ కొత్తగా నేర్చుకునే పిల్లాడికి ఏ బోర్డు, ఏ పుస్తకాలు కొనాలి?

విజయనగరంలో ఉంటాం, పదేళ్ళ బాబుకి చెస్ నేర్పాలి, ఏం కొనమంటారు అని అడిగారు కదా. ముందు బోర్డు సంగతి చెప్తాను. గంటస్తంభం వైపు షాపుల్లో కనిపించే చిన్న మాగ్నెట్ బోర్డు మాత్రం కొనీకండి, అందులో మంత్రికీ ఒంటెకీ తేడా తెలీదు, పైగా ఒక్క బంటు మంచం కిందకి దొర్లిపోయిందంటే ఆ సెట్టు అక్కడితో సరి. చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డు, కాస్త బరువున్న ప్లాస్టిక్ పావులు చాలు. రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్ల దగ్గర్లో ఉండాలి, టోర్నమెంట్ సైజు అదే. షాపులోనే ఒక గడిలో నాలుగు బంట్లు పెట్టి చూడండి, సరిగ్గా పడితే సైజు కుదిరినట్టే. అంచున అక్షరాలూ అంకెలూ ఉన్నాయో లేదో కూడా చూడండి, ఆటలో వేసే ఎత్తులు రాసుకోవడానికి అవి కావాలి. చెక్క సెట్టు ఇప్పుడు దండగ, ఇద్దరి టైమూ లెక్కపెట్టే చెస్ క్లాక్‌కి ఫోన్లో యాప్ చాలు.

పుస్తకాలంటే, మొదట 1966లో వచ్చిన 'బాబీ ఫిషర్ టీచెస్ చెస్'. అంతా బొమ్మలే, రాజుని ఎలా కట్టెయ్యాలో ఒక్కో ప్రశ్న అడుగుతూ పోతుంది, ఇంగ్లీషు తక్కువే గానీ మొదట్లో పక్కన కూర్చోండి. తర్వాత చెర్నెవ్ రాసిన 'లాజికల్ చెస్', 33 ఆటల్లో ప్రతి ఎత్తూ ఎందుకు వేశారో చెప్తాడు, కాకపోతే పాత ప్రింట్లలో ఎత్తులు రాసే పద్ధతి వేరు, ఆల్జీబ్రిక్ అని ఉన్నదే తీసుకోండి. ఓపెనింగ్స్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల పుస్తకాల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. రోజూ పజిల్స్‌కి లిచెస్ అనే వెబ్‌సైట్ ఉంది, పూర్తిగా ఫ్రీ, యాడ్స్ కూడా రావు.