కస్టమర్ కేర్ ఫోనంటే జంకుతున్న శిరీషకి

చి. సౌ. శిరీషకి పిన్ని ఆశీస్సులు.

ఆస్పత్రి బిల్లు గురించి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయడం నువ్వు రేపు మాపంటూ వాయిదా వేస్తున్నావని అక్క చెప్పింది. ఇంజినీరింగ్ చదివి కూడా వాళ్ల మాట అందకపోతే నామోషీగా ఉందన్నావట. మీ ఆయన చేత చేయిద్దామన్నా బిల్లు నీ పేరు మీదుంది. ముందు నిన్ను లైన్లోకి పిలిచి, నీ నోటితో సరేననిపించుకుని గానీ వాళ్లు ఆయనతో మాట్లాడరు. కాబట్టి నువ్వే చెయ్యి.

నేను ఈ అమెరికా రాకముందు హైదరాబాదులో రాత్రి షిఫ్టుకి క్వాలిస్ బండెక్కి కాల్ సెంటర్‌కి వెళ్లి, హెడ్‌సెట్ పెట్టుకుని ఇలాంటి ఫోన్లు ఎత్తే పని చేసినదాన్ని. అటు కూర్చున్న పిల్లకి నీకంటే ఎక్కువ కంగారు. ఒక్కో కాల్ ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క చూస్తారు, రికార్డింగ్ విని మార్కులు వేస్తారు. అందుకే అంత గడగడా చదివేస్తుంది. "ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి ఇవ్వండి" అని ఎవరైనా కసిరితే మా నోళ్లు ఎండిపోయేవి, వాళ్ల పనీ సాగేది కాదు. ఆ మాట నువ్వు ఎన్నడూ అనకు. "లైను సరిగా లేదండీ, కాస్త నెమ్మదిగా చెప్తారా" అను చాలు. నింద లైను మీదికి పోతుంది, ఎవరికీ బాధ ఉండదు.

అది వట్టి సాకు కూడా కాదు. మామూలు టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనినే మోస్తుంది. 'ఎస్'కీ 'ఎఫ్'కీ తేడా చూపించే సన్నటి శబ్దం చాలావరకు అంతకు పైన ఉంటుంది. పైగా పెదాలు కనపడవు. టీవీలో అర్థమయ్యే ఇంగ్లిష్ ఫోన్లో జారిపోతోందంటే అందుకే.

మరి ఎవరి యాస ఎలా ఉంటుందంటావా? ఈ ఫోన్లు ఎత్తేవాళ్లలో కొందరు ఫిలిప్పీన్స్‌లో కూర్చుని ఉంటారు. ఆ దేశం 1898 నుంచి 1946 దాకా అమెరికా చేతిలో ఉంది, అక్కడి వాళ్ల ఇంగ్లిష్‌కి అమెరికా బాణీయే. కానీ కొందరి నోట 'ఎఫ్' 'పి'గా వస్తుంది. 'ఫిఫ్టీ' 'పిప్టీ' అయితే తడబడకు. మీ ఛార్లెట్ వైపూ మా టెక్సాస్‌లోనూ పాతకాపులు చాలామంది 'పెన్'నీ 'పిన్'నీ ఒకేలా అంటారు, 'టెన్' కూడా 'టిన్' అవుతుంది. అన్నిటికంటే ఏడిపించేది 'కాంట్'. మనం దీర్ఘం తీసి 'కాంట్' అంటాం, అమెరికన్లు 'క్యాన్' అని చివరి 'ట' మింగేస్తారు. డబ్బు కడతామన్నారో కట్టలేమన్నారో తెలియకుండా ఫోన్ పెట్టేస్తే ఏం లాభం? "ఈజ్ దట్ ఎ యెస్ ఆర్ ఎ నో?" అని మొహమాటం లేకుండా అడిగెయ్.

అంకెలు వినగానే రాసుకుని, ఒక్కొక్కటే తిరిగి చదివి వినిపించు. ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేలకపోతే "వన్ ఫైవ్? ఆర్ ఫైవ్ జీరో?" అను. తేదీ చెప్పేటప్పుడు నెలని పేరుతో చెప్పు, అంకెలో చెబితే ఏప్రిల్ మూడు కాస్తా మార్చి నాలుగై కూర్చుంటుంది.

మన యాస వాళ్లకి అందకపోవడం కూడా ఉంది. మాట మొదట్లో 'ప'ని వాళ్లు ఒత్తు పెట్టినట్టు ఊపిరి వదిలి పలుకుతారు, మనం ఒట్టి 'ప' అనేసరికి వాళ్ల చెవిలో 'బ' పడుతుంది. నీ పేరూ ఇంటిపేరూ అక్షరం అక్షరం చెప్పు: పి యాజ్ ఇన్ పీటర్, బి యాజ్ ఇన్ బాయ్, వి యాజ్ ఇన్ విక్టర్, ఎన్ యాజ్ ఇన్ నాన్సీ. 'డబుల్ ఫైవ్' అంటే చాలామంది తెల్లబోతారు, 'ఫైవ్ ఫైవ్' అను. 'జెడ్' ఇక్కడ 'జీ', మన 'హ్యాష్' ఇక్కడ 'పౌండ్'.

ఇంతకీ కుదరకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అను. 'ఇండియన్' అన్నావంటే హిందీ మనిషిని తెచ్చి పెడతారు, జాగ్రత్త. 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇంగ్లిష్ సరిగా రానివాళ్లకి దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. నీకు ఇంగ్లిష్ వచ్చుగా అంటావేమో, ఆపరేషన్ బిల్లులో ఉండే ఇంగ్లిష్ ఎవరికొచ్చు! రేపు మీ అత్తగారు వచ్చినప్పుడైనా ఇది పనికొస్తుంది. దుబాసీ ఉన్నప్పుడు ఒక వాక్యం చెప్పి ఆగు, కథంతా ఒక్క గుక్కలో చెప్పకు.

నంబరు ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్నదే నొక్కు. నెట్లో వెతికిన నంబర్లలో దొంగలుంటారు. మాట్లాడినామె పేరు, తేదీ, రెఫరెన్స్ నంబరు రాసుకో. అవతల ఎంతకీ పొసగకపోతే థాంక్స్ చెప్పి పెట్టేసి మళ్లీ చెయ్, ఇంకొకరు ఎత్తుతారు. ఆ రెఫరెన్స్ నంబరుంటే కథ మొదటి నుంచి చెప్పక్కర్లేదు.

బిల్లుతో పాటు ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన కాగితం కూడా ముందు పెట్టుకో. 'దిస్ ఈజ్ నాట్ ఎ బిల్' అని ఉంటుంది చూడు, అదే. నువ్వు కట్టాల్సిందెంతని అందులో ఉందో, ఆస్పత్రి ఎంత అడుగుతోందో పక్కపక్కన రాసుకుని, ఆ తేడా ఎందుకని మాత్రమే అడుగు. సోమవారం రద్దీ, గురువారం పొద్దున్నే చెయ్. హోల్డ్‌లో పెడితే స్పీకర్ ఆన్ చేసుకుని వంట చేసుకో. మిక్సీ మాత్రం వేయకు.

మీ పిన్ని
ఇర్వింగ్, టెక్సాస్