ఈత రాకపోయినా బరపొళెలో రాఫ్టింగ్‌కు వెళ్లవచ్చా?

మీరు అడిగినది ఇది: బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు, ఆఫీసు వారంతా జులైలో కొడగు (కూర్గ్)లోని బరపొళె నది మీద రాఫ్టింగ్‌కు వెళదామంటున్నారు, మీకు ఈత రాదు, అమ్మగారు వద్దంటున్నారు, ఏం చేయాలి? వెళ్లండి. నాకూ ఈత రాదు; ఆ నదిలోనే తెప్ప మీది నుంచి నీళ్లలో పడి బయటికి వచ్చిన మనిషిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. అంతేకాదు, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది: కొండనదిలో గైడ్‌కు ప్రాణం మీదికి తెచ్చేది ఈత రానివాడు కాదు, ఈత వచ్చునన్న ధీమాతో వచ్చినవాడు.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయమని చెప్పడం లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన తరువాత నదీ విహారం అన్న మాట వినగానే మన ఇళ్లలో పెద్దల ముఖాలు మారిపోతున్నాయి. మా ఇంట్లోనూ అంతే. కానీ పెద్ద బోటులో కూర్చొని పాపికొండలు చూడడం వేరు, గాలి నింపిన తెప్ప అంచు మీద తెడ్డు పట్టుకొని కూర్చోవడం వేరు. రాఫ్టింగ్‌లో మనిషి నీళ్లలో పడతాడన్న లెక్కతోనే ఏర్పాట్లన్నీ మొదలవుతాయి. లైఫ్ జాకెట్, హెల్మెట్ ఒడ్డు మీదే బిగిస్తారు, పడినవారిని అందుకోవడానికి ఒక కయాక్, అంటే ఒక్కరే నడిపే సన్నటి చిన్న పడవ, వెంట వస్తుంది, గైడ్ చేతికి అందేటట్టు విసిరే తాడు సంచీ ఉంటుంది. పడ్డాక ఏం చేయాలన్నదే అక్కడ నేర్చుకోవలసిన అసలు విద్య, అది గైడ్ బయలుదేరే ముందు పది నిమిషాల్లో చెప్పేస్తాడు.

మాది కోనసీమ. ఊరికి ఒక పక్క పంట కాలువ, మరో పక్క గౌతమి. మా తమ్ముడు బడిలో చేరకముందే నడుముకు సొరబుర్రలు కట్టుకొని ఈత నేర్చుకున్నాడు, మీసాలు రాకముందే లాకుల మీది నుంచి దూకేవాడు. ఊళ్లో గజఈతగాడని పేరు. అదే ఇంట్లో పుట్టిన నాకు రేవులో మోకాలి లోతు దాటి దిగే అనుమతి లేదు. చుట్టూ నీళ్లే ఉన్న ప్రాంతంలో ఆడపిల్లలకు ఈత ఎందుకు నేర్పరని అడిగితే, తడిసిన బట్టలతో గట్టెక్కితే నలుగురూ చూస్తారన్న సమాధానం తప్ప మా పెద్దల దగ్గర ఇంకొకటి ఉండేది కాదు. పుష్కరాలకు మాత్రం అదే గోదావరిలో అందరినీ మునగమనేవారు. ఈ బాధ నేను ఇంకో పది పేజీలు రాయగలను కానీ మీకు కావలసింది అది కాదు. మీకు కావలసింది ఏమిటంటే, గజఈతగాడైన తమ్ముడు, ఈత రాని అక్క ఒకే తెప్పలో, ఒకే వైపు, ముందూ వెనుకా కూర్చున్నారు, ఇద్దరూ ఒకేసారి బరపొళెలో పడ్డారు.

ముందు నది సంగతి తెలుసుకోండి. బరపొళె దక్షిణ కొడగులోని బ్రహ్మగిరి అడవుల్లో పుట్టింది. కావేరి పుట్టిన కొడగులోనే పుట్టినా తూర్పుకు తిరగదు, పడమటి కనుమలు దిగి కేరళలోకి పోయి వళపట్టణం నదిలో కలుస్తుంది. రాఫ్టింగ్ చేసే భాగంలో పారేది వాన నీరు, అందుకే వర్షాకాలంలో మాత్రమే అక్కడ తెప్పలు దిగుతాయి, అందుకే పొద్దున రాయి కనిపించిన చోట మధ్యాహ్నానికి నురగ తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. నది ఉద్ధృతిని 1 నుంచి 6 వరకు గ్రేడ్లుగా లెక్కిస్తారు. 1 అంటే మెల్లగా పారే నీరు, 6 అంటే నిపుణులు సైతం దిగడానికి వెనుకాడేది. వాన పట్టుకుంటే బరపొళెలో 3, 4 గ్రేడ్లు తగులుతాయి.

మేము మైసూరు, హుణసూరు, గోణికొప్ప మీదుగా వెళ్లాము. శుక్రవారం రాత్రి బెంగళూరు శివారులోని కెంగేరి దాటడానికి పట్టిన సమయం గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు నది దాకా చేరదు. కాఫీ తోటల్లో జీపు దిగి, జలగలను కాళ్ల మీది నుంచి పీక్కుంటూ ఒడ్డుకు చేరాక, నేపాల్ నుంచి వచ్చిన మా గైడ్ కుండపోత వానలో నిలబడి హిందీలో పాఠం చెప్పాడు. తెడ్డు కొస పిడి మీది చేయి ఎప్పుడూ తీయవద్దు, తీస్తే ఆ పిడి పక్కవాడి పళ్లు రాలగొడుతుంది అన్నాడు. నీళ్లలో పడితే వెల్లకిలా పడుకొని, పాదాలు నీరు పారే వైపుకు పెట్టి, కాలి వేళ్లు పైకి కనిపించేటట్టు తేలమన్నాడు. ఎంత లోతు తక్కువగా కనిపించినా నిలబడవద్దని మూడుసార్లు చెప్పాడు. తెప్ప తిరగబడి దాని కింద చిక్కుకుంటే చేతులు పైకెత్తి, తెప్ప అడుగును తడుముకుంటూ ఒకే దిక్కుకు పోతే బయటపడతామన్నాడు. ఆ తరువాత ఒక్కొక్కరి జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకొని పైకి గుంజి చూశాడు. గడ్డం దాటి పైకి లేస్తే మళ్లీ బిగించాడు.

నేను పరీక్షకు కూర్చున్న పిల్లలా ఆ మాటలన్నీ లోలోపల వల్లె వేసుకున్నాను, ఎందుకంటే నాకు వేరే ఆధారం లేదు. మా తమ్ముడు మాత్రం, "గోదావరిలో ఈదినవాడికి ఇతనేం చెబుతాడే అక్కా" అని నవ్వి, గైడ్ అటు తిరగగానే ఊపిరాడడం లేదంటూ జాకెట్ పట్టీలు రెండు వదులు చేసుకున్నాడు.

మొదటి దూకుళ్లు, అంటే నది రాళ్ల మధ్య ఉరికి దూకే చోట్లు (రాపిడ్స్), బాగానే సాగాయి. అక్కడి దూకుళ్లకు మార్నింగ్ కాఫీ, వికెడ్ విచ్, బిగ్ బ్యాంగ్ అని పేర్లు పెట్టుకున్నారు. గైడ్ వెనుక కూర్చొని "ఫార్వర్డ్", "స్టాప్", "గెట్ డౌన్" అని అరుస్తుంటే మేమంతా కేకలు పెడుతూ తెడ్లు వేశాము. ఒక మలుపులో తెప్ప అడ్డం తిరిగి పెద్ద బండకు ఆనుకుంది. అప్పుడు గైడ్ "హై సైడ్" అని అరిచాడు. అంటే అందరూ బండ ఉన్న వైపుకే ఒరిగిపోయి బరువు వేయాలి; అలా వేయకపోతే ఎగువ నుంచి వచ్చే నీరు తెప్ప రెండో అంచును కిందికి నొక్కి, లోపలికి చేరి తిరగేస్తుంది. మనిషి స్వభావం మాత్రం బండను చూసి వెనక్కి జరగమంటుంది. మా తెప్పలో సగం మంది వెనక్కి జరిగారు. ఎగువ అంచున ఉన్న మేమిద్దరం నీళ్లలో ఉన్నాము.

మునిగినప్పుడు నాకు గుర్తున్నది చప్పుడు ఆగిపోవడం. అంతసేపూ చెవులు దిబ్బడ వేసేటట్టు మోగిన నది ఒక్కసారి మూగదైపోయింది, కళ్ల ముందు టీ డికాక్షన్ రంగు తప్ప ఏమీ లేదు. జాకెట్టే నన్ను పైకి తీసుకొచ్చింది. తేలగానే వెల్లకిలా పడుకున్నాను, ఎదురుగా నా బూట్లు రెండూ కనిపించాయి, అవి కనిపిస్తే బాగున్నట్టేనని గైడ్ చెప్పాడు కాబట్టి వాటినే చూస్తూ ఉన్నాను. అల ముఖం మీదికి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి, రెండు అలల మధ్య పల్లంలో గాలి పీల్చుకోవాలని రెండు గుక్కలు మింగాక అర్థమైంది. ఒక బండకు పాదాలు తగిలాయి, మోకాళ్లు వంచి దాన్ని తన్ని పక్కకు జరిగాను. ఇంతలో కయాక్ కుర్రవాడు వచ్చి ముందరి కొసన ఉన్న పట్టు అందించాడు, సుడి తిరిగే నీటిలో ఆగిన మా తెప్ప దాకా లాక్కెళ్లాడు, గైడ్ నా జాకెట్ భుజాలు పట్టుకొని, రేవులో తడిసిన దుప్పటిని గట్టు మీదికి లాగినట్టు లోపలికి లాగేశాడు.

అప్పటికి మా తమ్ముడు ఏటికి ఎదురీదుతున్నాడు. సామెతగా చెప్పడం లేదు, నిజంగానే తెప్ప ఎగువన కనిపించిందని బారలు వేసుకుంటూ దాని వైపు ఈదుతున్నాడు, ప్రతి బారకూ కిందికే పోతున్నాడు. వదులు చేసుకున్న జాకెట్ చెవుల దాకా ఎక్కి కళ్లకు అడ్డం వస్తోంది. అలసిపోయి ఒడ్డు పక్కకు చేరిన చోట నీరు మొల లోతే ఉంది, ఈతగాళ్లందరూ చేసే పనే వాడూ చేశాడు: నిలబడ్డాడు. ఎడమ పాదం రెండు రాళ్ల నడుమ దిగబడింది, వెనుక నుంచి నీరు తోసి వాణ్ణి ముందుకు వంచేసింది. మొల లోతు నీటిలో ముఖం మునిగి తేలుతుంటే నేను తెప్పలో నుంచి చూశాను. అదృష్టవశాత్తు బూటు ఊడిపోయి పాదం బయటికి వచ్చింది, గైడ్ విసిరిన తాడు ఛాతీ మీద పడింది. చీలమండ వాచి, వారం రోజులు కుంటుతూ నడిచాడు. ఊళ్లో ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం ఇప్పటికీ అందులో ఆ రాళ్లు ఉండవు, వాడు ఈది ఒడ్డెక్కడమే ఉంటుంది.

ఇది వాడి ఒక్కడి తొందరపాటు కాదు, కాలువలోనూ చెరువులోనూ నేర్చిన ఈత అక్కడ ఎదురు తిరుగుతుంది. నురగ తెల్లగా ఉండడానికి కారణం అందులో కలిసిన గాలి. గాలి కలిసిన నీరు మనిషిని అంతగా తేల్చదు, చేతికి పట్టూ ఇవ్వదు, కాబట్టి బార వేసినా ముందుకు సాగడం కష్టం. నీటి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఒక్క ఘనమీటరు నీరే టన్ను బరువు తూగుతుంది. కాలు ఇరుక్కున్న మనిషి వీపు మీద అది ఆగకుండా వచ్చి పడుతుంటే లేచి నిలబడే కండబలం ఎవరికీ ఉండదు. కాలు దింపకపోవడం ఒక్కటే ఉపాయం.

ఈత ఉపయోగపడే సందర్భం ఒకటి ఉంది, దాచను. విరిగిపడిన చెట్టు నీటికి అడ్డంగా ఉంటే పాదాలు ముందు పెట్టి దాని మీదికి పోకూడదు, కొమ్మల కిందికి నీరు లాగేస్తుంది. బోర్లా తిరిగి, బలంగా ఈది, చెట్టు మీదికి ఎగబాకాలి. ఇది గైడ్లే చెబుతారు. అయినా అలాంటి చెట్టు ఉన్న చోటికి తెప్పను తీసుకుపోకుండా చూడడం గైడ్ పని, మీ ఈత పని కాదని నేను వాదిస్తాను.

నన్ను ఎక్కువ చిరాకు పెట్టేది నది కాదు, బెంగళూరు నుంచి వచ్చే గుంపులు. ముందు రాత్రి తెల్లవారేదాకా తాగి, పొద్దున తూలుతూ వచ్చి, పాఠం చెబుతుంటే సెల్ఫీలు దిగుతారు. నీరు ప్రమాదకరంగా పెరిగిందని నిర్వాహకులు రద్దు చేస్తే, హోటల్ డబ్బు ఎవరిస్తారని వారితో తగాదా పడతారు. వానలో తడుస్తూ నదిని చూసి "ఈరోజు వద్దు" అని చెప్పినవాడికి అదనంగా డబ్బిచ్చినా తప్పు లేదు. బృందంలో ఐకమత్యం పెరగాలని ఆఫీసులు ఇలాంటి యాత్రలు పెట్టి, భయపడేవాళ్లను బలవంతంగా ఎక్కించడం ఇంకా దారుణం. "హై సైడ్" అన్నప్పుడు వెనక్కి జరిగేది ఆ బలవంతపు మనుషులే.

మీకు బరపొళె మరీ ఉద్ధృతమనిపిస్తే అదే కొడగులో కుశాలనగర్ దగ్గర దుబారెలో కావేరి మీద దిగండి, అది చాలా శాంతమైనది. వానాకాలం కాకపోతే కర్ణాటకలోనే దండేలి ఉంది. అక్కడ కాళీ నదిలోకి సూపా ఆనకట్ట నుంచి వదిలే నీటిని బట్టి తెప్పలు నడుస్తాయి. రిషీకేశ్ వెళ్లాలనుకుంటే జులై, ఆగస్టుల్లో గంగ మీద రాఫ్టింగ్ ఆపేస్తారని గుర్తుంచుకోండి. సెప్టెంబరు చివరి నుంచి జూన్ దాకా ఊరికి ఎగువనున్న శివపురి నుంచి కిందికి వస్తారు, మంచు కరిగిన నీరు కాబట్టి పడితే ముందు చలే దెబ్బ కొడుతుంది.

బరపొళెకే వెళ్లేటట్టయితే ఫోనులోనే అడగండి: కయాక్ వెంట వస్తుందా, నీరు పెరిగితే రద్దు చేస్తారా, గైడ్ ఏ భాషలో మాట్లాడతాడు. గుండె జబ్బు, మూర్ఛ, ఇటీవలి ఆపరేషన్, గర్భం ఉంటే ఆలోచించనే వద్దు. వెనుక పట్టీ ఉన్న చెప్పులో పాత బూట్లో వేసుకోండి, చీర, చున్నీ, బంగారం గదిలో వదిలేయండి, కళ్లజోడు ఉంటే తాడు కట్టండి. జాకెట్ బిగించాక ఊపిరి కొంచెం బరువుగా అనిపిస్తే అది సరిగా ఉన్నట్టే, గైడ్ అటు తిరిగినా పట్టీ ముట్టుకోకండి. మా గైడ్‌లా జాకెట్ భుజాలు గుంజి చూడకుండానే తెప్పలోకి ఎక్కమనే మనిషి ఎదురైతే, డబ్బు కట్టేసినా, ఆఫీసు వారు నవ్వినా, ఒడ్డు మీదే ఉండిపోండి.